మణక్క ఇంటి ఆదివారం

మణక్కకు ముక్కు మీదే కోపం. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే తర్వాత నేను చెప్పేదంతా విని, ఈవిడెవరో శాంతమూర్తి అనుకుంటారు. అబ్బే, అంత లేదు. సౌదీలో హుఫూఫ్‌లో మా ఆసుపత్రిలో ఇరవై ఏళ్లకు పైగా నర్సుగా ఉన్న జ్ఞానమణి, పెద్ద డాక్టర్లను కూడా వార్డు గుమ్మంలో ఆపి "చేతులు కడిగారా?" అని అడిగే మనిషి. 2015లో నేను పాలకొల్లు నుంచి కొత్తగా వెళ్లిన మొదటి రోజే సెలైన్ సీసా మీద టైము రాయడం మరిచిపోయాను. "ఏం పిల్లా, మీ ఊళ్లో గడియారాలు లేవా?" అని అందరి ముందూ కడిగేసింది. డ్యూటీ దిగాక మళ్లీ తనే నా చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లి, చేపల పులుసుతో అన్నం పెట్టి, నేను ఏడుస్తూ తింటుంటే ఇంకో ముక్క వేసింది. నా పేరు క్రిస్టీనా. ఆమె ఒక్క రోజూ ఆ పేరుతో పిలవలేదు. ఇవాళ్టికీ నేను పిల్లనే.

వాళ్లిల్లు ఖర్జూరాలమ్మే ఒక కొట్టు పైన, మూడో అంతస్తులో రెండు గదులు. ఆ చుట్టుపక్కల ఉన్న తెలుగు క్రైస్తవులందరికీ ఆదివారం ఆరాధన అక్కడే. ఆదివారమంటే శుక్రవారమన్నమాట. సౌదీలో సెలవు శుక్రవారం. అసలు ఆదివారం నాడు అందరం డ్యూటీల్లో ఉంటాం. కాబట్టి శుక్రవారాన్నే ఆదివారం అనుకున్నాం, అనుకుని అనుకుని అదే నోటికి అలవాటైపోయింది. నిజం ఆదివారాన్ని ఏమనాలో తెలియక "డ్యూటీ ఆదివారం" అనేవాళ్లం. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఇక్కడ ఒకసారి బోల్తా పడాల్సిందే. నేనూ పడ్డాను. ఒక డ్యూటీ ఆదివారం పొద్దున సెలవు పెట్టి, పట్టుచీర కట్టుకుని వెళ్లి తలుపు కొడితే, మణక్క నైటీలో వచ్చి తలుపు తీసి, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఎవరి పెళ్లే?" అంది.

ఇంట్లో మన ప్రార్థన మనం చేసుకుంటే అక్కడ ఎవరూ ఏమీ అనరు. బయటికి వినపడకూడదు, అంతే. ఆ ఇంటి గోడలా, పల్చన. పక్క వాటాలో ఈజిప్టు వాళ్లు దగ్గితే మాకు వినపడేది. అందుకని మా ఆరాధనలో డప్పు లేదు, తాళం లేదు, చప్పట్లు లేవు. చప్పట్లకు బదులు మోకాలి మీద రెండు వేళ్లతో దరువు. పాటలు మాత్రం మానలేదు. మానితే అదేం ఆరాధన? ఆ పాటలు ఎత్తేది యిర్మీయా అన్న, అంటే మణక్క భర్త. అక్క మొగుడు బావ కావాలి నిజమే, కానీ సంఘంలో అందరూ అన్నలే, వరసలు అడగకండి.

యిర్మీయా అన్నకు అక్కడి బజారు సూక్‌లో మొబైల్ రిపేరు పని. మొబైళ్లు రాకముందు రేడియోలూ టేప్ రికార్డర్లూ బాగుచేసేవాడట. మనిషి వసపిట్ట, ఎదుటివాడికి సందివ్వడు. పాటకు కూర్చుంటే మాత్రం ఇంకో మనిషి అయిపోయేవాడు. కళ్లు మూసుకుని, గొంతును ఎక్కడో ఛాతీలోకి దించి, పెదవులు కదిలాయా లేదా అన్నట్టు పాడేవాడు. నలభై మంది ఇరుక్కుని కూర్చున్న గదిలో చివరి మూల ఉన్నవాళ్లకు కూడా ప్రతి అక్షరం అందేది. తలుపు అవతల మాత్రం ఏసీ రొద తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ కొలత పెట్టింది మణక్కే. పాట మొదలవగానే లేచి బయట మెట్ల మీద నిలబడి విని, లోపలికొచ్చి "ఇంకాస్త తగ్గించండి" అనేది. ఆయన తగ్గించేవాడు. అప్పుడు వచ్చి ఆయన పక్కన కూర్చుని రెండో వరస అందుకునేది. పద్దెనిమిదేళ్లు ప్రతి శుక్రవారం ఇదే తంతు అని మా సంఘపెద్ద జ్ఞానరాజన్న చెప్పేవాడు.

2016లో మొబైల్ షాపుల్లో ఇకమీదట సౌదీలే పనిచెయ్యాలని రూలు వచ్చింది. ఉద్యోగాలు ముందు సౌదీలకే అనే నితాకాత్ గురించి అంతకుముందే విన్నాం, అది పెద్ద కంపెనీల గొడవ అనుకున్నాం. నాలుగు నెలల్లో సూక్‌లో మనవాళ్లు స్క్రూడ్రైవర్లు సర్దుకున్నారు. యిర్మీయా అన్న వేరే పనికి మారదామని తన వీసా యజమాని కఫీల్ చుట్టూ తిరిగాడు. నివాస కార్డు ఇఖామాలో రాసిన పని ఒకటి, చేస్తానన్న పని ఒకటి, కుదరలేదు. ఇక దేశం వదలాల్సిందేనని ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. అప్పటికి వాళ్ల కూతురు కెజియా పద్నాలుగేళ్ల పిల్ల. తండ్రితోపాటు రేపల్లె దగ్గర వాళ్ల ఊరికి వెళ్లిపోయింది. పిల్ల చదువుకు డబ్బు పంపాలని మణక్క ఉండిపోయింది, సెలవులకు కూడా ఊరెళ్లలేదు. విమానాశ్రయం నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, కెజియా స్నానాల గదిలో మరిచిపోయిన తలబ్యాండు చూసి గట్టిగా ఏడ్చింది. పక్క వాటాకు వినపడేటట్టు ఆ ఇంట్లో ఆమె గొంతు లేచింది ఆ ఒక్కసారే.

మరుసటి ఏడు కుటుంబాల మీద లెవీ పడింది. తలకింత అని నెలనెలా కట్టలేక జనం పెళ్లాం బిడ్డల్ని పంపేశారు. కొందరు తామూ పోయారు. రెండేళ్లు మా ఆదివారాలన్నీ వీడ్కోలు ప్రార్థనలే అయ్యాయి. నలభై మంది ఉన్న గదిలో చివరికి తొమ్మిది మంది మిగిలాం. అప్పటిదాకా కాళ్లు చాపడానికి చోటుండేది కాదు, తర్వాత చాపలు పరవడానికే మనసొప్పేది కాదు.

అన్నిటికంటే అక్కను తినేసింది యిర్మీయా అన్న మౌనం. ఊరికి వెళ్లిన నెలకే ఆయన పాడటం మానేశాడు. పాడటమే కాదు, చర్చికి వెళ్లడమే మానేశాడు. బస్టాండు దగ్గర చిన్న రిపేరు కొట్టు పెట్టుకున్నాడు, ఇంటికొస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఎందుకు మానేశారని అడిగితే చెప్పడు. ఫోన్‌లో మూడంటే మూడే ప్రశ్నలు. తిన్నావా? డ్యూటీ ఏంటి? ఒంట్లో బాగుందా? ఆ తర్వాత "ఉంటా మరి." అంత వాగుడుకాయ మనిషి అలా అయిపోతే ఆమెకు ఎలా ఉంటుంది? "ఈయన్ని నేనే పంపించి పోగొట్టుకున్నానే పిల్లా" అని ఒకసారి అంది. నేను ఏదో సర్దిచెప్పబోతే, "నీకేం తెలుసు, పెళ్లన్నా కాలేదు" అని నోరు మూయించింది.

2020 మార్చిలో కరోనా వచ్చింది. గుంపులు వద్దన్నారు, కర్ఫ్యూ పెట్టారు. మసీదులు కూడా మూసేశారు. ఇళ్లలోనే నమాజు చేసుకోండని బాంగులోనే చెప్పిన రోజు మేమిద్దరం వాళ్ల కిటికీ దగ్గర ఉన్నాం. ఆ అరబీ మాట అర్థమవగానే అక్క చేతిలో గిన్నె పక్కన పెట్టేసి, "పాపం, వాళ్లకూ మనకొచ్చిన కష్టమే వచ్చింది" అంది. ఆ రోజంతా దిగులుగానే ఉంది.

అలా మా ఆదివారం ఫోన్‌లోకి ఎక్కింది. మొదటి శుక్రవారం జరిగింది ఆరాధన కాదు, సంత. పొద్దున పదింటికి తొమ్మిది మందిమి జూమ్‌లో చేరి అందరం ఒకేసారి పాట ఎత్తుకున్నాం. ఒకళ్లు పల్లవిలో ఉంటే ఇంకొకళ్లు చరణంలో ఉన్నారు. ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. జ్ఞానరాజన్న కెమెరాను నుదుటికి పెట్టుకుని వాక్యం చదివాడు, మాకు కనిపించింది ఆయన బట్టతల ఒక్కటే. నవ్వు ఆపుకోలేక నేను మ్యూట్‌లోకి పోయాను. అక్కకు మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ పైవారం జ్ఞానరాజన్న అసలు గొడవ లేవదీశాడు. ఆయన మా ఆసుపత్రిలోనే ఏసీ మెకానిక్, సంఘానికి పెద్ద, నిక్కచ్చి మనిషి. ఇద్దరు ముగ్గురు కూడుకుంటే చాలన్న మాట బైబిల్లో ఉంది కానీ, కూడుకోవడమంటే ఒకచోట కూర్చోవడం, ఎవరి గదిలో వాళ్లు ఫోన్ చూసుకుంటే అది కూడిక ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. వినడానికైతే విందాం, ప్రభురాత్రి భోజనం మాత్రం ఇలా కుదరదన్నాడు. ఒకే రొట్టె విరవాలి కదా, తొమ్మిది ఇళ్లలో తొమ్మిది ఖుబ్జ్ రొట్టెలు పెట్టుకుంటే అది ఒకటెలా అవుతుందన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముందని నాక్కూడా అనిపించింది. అప్పుడు అక్క మ్యూట్ తీసింది.

"నేనిక్కడ, ఆయనక్కడ. నాలుగేళ్లయింది రాజన్నా" అంది. "మేం మొగుడూ పెళ్లాలం కాదంటావా?"

జ్ఞానరాజన్న చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత ఎవరి రొట్టె వాళ్లు తెచ్చుకోమన్నాడు. ద్రాక్షరసం దొరకని ఒకతను ఎర్ర షర్బత్తు పెట్టుకుని, పెద్దాయన చూడకుండా కెమెరా ఆపేశాడు. అందరం ఒకేసారి విరిచాం. నా గదిలో ఒక్కదాన్నే ఉన్నా, ఆ క్షణం ఒంటరిగా అనిపించలేదు. అది మాత్రం నిజం.

పాటల చిక్కు మాత్రం తీరలేదు. ఒకళ్లే పాడాలి, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి వాళ్ల గదుల్లో కలపాలి, ఇదీ మేం కనిపెట్టిన ఉపాయం. ఆ ఒక్కళ్లు ఎవరు? నేను పాడితే ఫోన్ రేకు డబ్బాలా మోగిందన్నారు. జ్ఞానరాజన్న పాడాడు, ఆయన గురించి నేనేం మాట్లాడను. గొంతు కాస్త పెంచితే ఫోన్‌లో శబ్దం పగిలిపోతుంది, తగ్గిస్తే మాట అందదు. వారం వారం పాటలు తగ్గించుకుంటూ వచ్చి, చివరికి వాక్యం చదువుకుని లేచిపోవడం మొదలుపెట్టాం.

జూన్‌లో కేసులు ఒక్కసారి పెరిగాయి. పిల్లల వార్డు ఖాళీ చేసి మమ్మల్ని కరోనా వార్డుకు వేశారు. ఇళ్లకు వెళ్లొద్దని హాస్టల్లో ఇద్దరికో గది ఇచ్చారు. నేనూ అక్కా ఒకే గది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, మాస్కు ఒరుసుకుపోయిన ముక్కుకు కొబ్బరినూనె రాసుకుని మంచాల మీద పడిపోయేవాళ్లం. మా అంతస్తులోనే ముగ్గురు నర్సులకు పాజిటివ్ వచ్చింది. అందులో ఒకామె మా కళ్లముందే వెంటిలేటర్ మీదికి వెళ్లింది. ఆ రోజు అక్క స్నానం చేసి వచ్చి, తల కూడా తుడుచుకోకుండా నా మంచం చివర కూర్చుంది.

"నాకేమన్నా అయితే, ఆయన పాట వినకుండా పోవడం నావల్ల కాదే" అంది.

ఆమె అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. భయమేసింది నాకు. వెంటనే ఫోన్ చెయ్యి, అడుగు, మనతోపాటు జూమ్‌లో పాడమను అని వెంటబడ్డాను. ఆమె వారం రోజులు తటపటాయించి అడిగింది. మామూలు మూడు ప్రశ్నలూ అయ్యాక, ఆయన "ఉంటా మరి" అనబోతుంటే గబగబా చెప్పేసింది. మాకు పాట ఎత్తేవాళ్లు లేరు, ఆదివారం ఇక్కడ పదింటికి, అంటే మన ఊరి టైము పన్నెండున్నరకు మీరు రండి, లింకు కెజియాకు పంపుతాను అని. ఆయన చివరికి "చూస్తాలే" అన్నాడు. అంతమాత్రానికే అక్క మర్నాడు వార్డులో హుషారుగా తిరిగింది. ఒక డాక్టరును రెండుసార్లు తిట్టింది కూడా.

శుక్రవారం వచ్చింది. అక్క డ్యూటీ మార్చుకుంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఫోన్ ముందు కూర్చుంది. యిర్మీయా అన్న వస్తాడని అందరికీ చెప్పేశాం. పదయింది, పదింబావు అయింది. తెర మీద ఆయన పేరు రాలేదు. జ్ఞానరాజన్న ఇంకో అయిదు నిమిషాలు చూద్దామన్నాడు. మొత్తం అరగంట చూశాం. ఊరికి ఫోన్ చెయ్యమంటే అక్క చెయ్యనంది. "నెట్ లేదేమోలే, మీరు కానివ్వండి" అని నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. ఎంత పొగరు ఈ మనిషికి, పెళ్లాం చావుబతుకుల మధ్య పనిచేస్తుంటే ఒక్క పాట పాడటానికి నొప్పా అనుకున్నాను. ఆరాధన అయ్యాక అక్క చీర మార్చుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక అడగనంది. ఆయనకు నేను అక్కర్లేదు పిల్లా, అర్థమైంది అంది.

ఆదివారం మధ్యాహ్నం, అంటే డ్యూటీ ఆదివారం, భోజనం వేళ నేను ఫోన్ చూసుకుంటే కెజియా మెసేజ్ ఉంది. ఆ పిల్లకు అప్పటికి పద్దెనిమిదేళ్లు, తల్లి నోరే వచ్చింది. మెసేజ్ నిండా కోపం. మా నాన్నను పిలిచి ఇలా అవమానించడం ఎందుకక్కా అని రాసింది. నాన్న పొద్దున్నే కొట్టు మూసేసి వచ్చారు, తలంటు పోసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోన్ ముందు కూర్చున్నారు, పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా కూర్చున్నారు, మీ పెద్దాయన తలుపు తియ్యలేదు, తెర మీద ఆగండి ఆగండి అని తప్ప ఏమీ రాలేదు, అమ్మకు ఫోన్ చేద్దామంటే వద్దన్నారు, నన్ను వద్దనుకున్నారులేమ్మా అని చొక్కా విప్పేసి మంచమెక్కారు అని రాసింది.

మెసేజ్ ఇంకోసారి చదివాను. తర్వాత అర్థమై నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆదివారం రమ్మంది అక్క. ఆయన ఆదివారమే వచ్చాడు. పద్దెనిమిదేళ్లు శుక్రవారాన్ని ఆదివారమన్న మనిషి, నాలుగేళ్లు మన ఊళ్లో ఉండేసరికి మరిచిపోయాడు. అక్కకేమో, ఆయన మరిచిపోగలడన్న ఆలోచనే రాలేదు. అసలా మాటకు ఇంకో అర్థం ఉందనే ఆమెకు గుర్తు లేదు. శుక్రవారం మేం అరగంట ఎదురుచూశాం, ఆదివారం ఆయన రెండు గంటలు ఎదురుచూశాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అలిగి పడుకున్నారు.

అక్క పీపీఈ కిట్లు విప్పేచోట చేతులు కడుక్కుంటోంది. మెసేజ్ చదివి వినిపించాను. ముందు పకపకా నవ్వింది, సబ్బు నురగ మోచేతుల దాకా ఉండగానే. ఇస్త్రీ చొక్కా దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. "రెండు గంటలు కూర్చున్నారంటే" అని, కుళాయి తిప్పి నురగంతా కడిగేసుకుంది.

గదికి వచ్చి స్నానం కాగానే ఫోన్ చేసింది. స్పీకరులో పెట్టింది, తల తుడుచుకుంటూనే. ఆయన ఎత్తగానే మూడు ప్రశ్నలకు ఆస్కారమివ్వకుండా, "ఏవండీ, మనింట్లో ఆదివారమంటే ఏ రోజండీ?" అని అడిగింది.

అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది. "శుక్రవారం" అన్నాడు చివరికి. ఆ వెంటనే, "మర్చిపోయా మణీ" అన్నాడు.

నేను బయటికి పోదామని లేస్తే అక్క నా చెయ్యి వదల్లేదు. నాలుగేళ్లుగా జవాబు దొరకని మాట మళ్లీ అడిగింది. ఎందుకు మానేశారు? నేనేమన్నా తప్పు చేశానా? ఆయన అదేం లేదంటూనే, ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. ఊరికి వెళ్లిన మొదటి ఆదివారమే చర్చిలో పాట ఎత్తమన్నారట. కీబోర్డు, డ్రమ్ములు, నాలుగు నిలువెత్తు స్పీకర్లు. ఈయన కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. ఒక్కళ్లకీ వినపడలేదు. మైకు పెంచారు, కీచుమంది. కుర్రాళ్లు నవ్వారు. సౌదీలో గొంతు కూడా జప్తు చేశారా యిర్మీయా అని వెనక నుంచి ఎవరో అన్నారు. పాస్టరు అయ్యగారు భుజం తట్టి మైకు ఇంకొకరికి ఇచ్చారు. ఇంటికొచ్చి ఒక్కడే పొలం గట్టు మీదికి పోయి గట్టిగా పాడి చూశాడట. రాలేదట.

"పైకి లేవట్లేదు మణీ. పద్దెనిమిదేళ్లు కిందికే పాడి పాడి, అక్కడే ఉండిపోయింది."

అక్క మొహం చూడలేకపోయాను నేను. మెట్ల మీద నిలబడి విని, లోపలికొచ్చి తగ్గించండి, తగ్గించండి అన్నది ఎవరు? ఆమే ఆ మాట పైకి అనేసింది. నొక్కింది నేనే కదండీ, మీ గొంతును నా చేత్తో నేనే నొక్కేశాను అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఛ ఛ అంటున్నాడు అటువైపు నుంచి. కాసేపటికి ఆమెకు ఏడుపు పోయి మామూలు కోపం వచ్చింది, హమ్మయ్య అనుకున్నాను. నిలువెత్తు స్పీకర్లు పెట్టుకుని ఒక మనిషి పాట వినలేకపోతే వాళ్లవి చెవులా అంది. ఇక్కడ ఫోన్‌లో గట్టిగా పాడితే పగిలి చస్తోంది, మాకు కావలసింది ఆ కిందిగొంతే, శుక్రవారం పన్నెండున్నరకు రండి, శుక్రవారం, శు-క్ర-వారం అని మూడుసార్లు చెప్పింది. ఆయన ఈసారీ "చూస్తాలే" అన్నాడు. వస్తానని మాత్రం అనలేదు.

ఆ అయిదు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. వెంటిలేటర్ మీదున్న మా నర్సు తేరుకుంది, అదొక్కటే మంచి కబురు. శుక్రవారం అక్కకు డ్యూటీ మారలేదు. పొద్దున ఎనిమిదింటికి రాత్రి డ్యూటీ దిగి వచ్చి, నిద్ర లేని కళ్లతోనే కూర్చుంది. చీర కట్టుకోలేదు. వస్తే వస్తారు, లేకపోతే లేదు, నైటీలోనే ఉంటానంది. హాస్టల్లో అటూ ఇటూ ఫిలిప్పీన్స్ అమ్మాయిలు డ్యూటీ దిగి నిద్రపోతున్నారు, అందుకని ఒకటే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకున్నాం. పదింటికి రెండు నిమిషాలుండగా తెర మీద ఆయన పేరు వచ్చింది. తర్వాత మనిషి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, నెరిసిన గడ్డం, పక్కన కెజియా భుజం. అక్క రెండు చేతులతో నైటీ మెడ సర్దుకుంది, కెమెరా ఆపే ఉంచింది.

జ్ఞానరాజన్న చేయి చాపి, కానివ్వమన్నాడు. యిర్మీయా అన్న ఫోన్ పెదవుల దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకున్నాడు. ఆ గొంతు నేరుగా నా చెవిలోకి వచ్చింది. పగల్లేదు, బొంగురుపోలేదు, ఒక్క అక్షరం జారలేదు. నా పక్కనే కూర్చుని నాకొక్కదానికే చెబుతున్నట్టు ఉంది. అందరికీ అలాగే ఉందని తర్వాత చెప్పుకున్నాం. మొదటి వరస పాడి ఆయన ఆగాడు. రెండో వరస రాలేదు. నెట్ పోయిందేమో అనుకుని జ్ఞానరాజన్న చెయ్యి ఊపాడు.

"నెట్ కాదు రాజన్నా" అన్నాడు యిర్మీయా అన్న. "మణి అందుకోవాలి."

అక్క వేలు తెర మీదికి వెళ్లి ఆగిపోయింది. మ్యూట్ నేనే తీశాను. ఆమె రెండో వరస పాడింది, సన్నగా, గోడ అవతల నిద్ర చెడకుండా. అది సముద్రం దాటి ఆయన దగ్గరికి వెళ్లడానికి టైము పడుతుంది కదా. ఆయన ఆగాడు. మొత్తం విన్నాక మూడో వరస ఎత్తాడు. అది మా దగ్గరికి వచ్చేదాకా ఈమె ఆగింది. ఎవరూ ఎవరినీ తోసుకోలేదు. మిగతావాళ్లం పెదవులు కూడా కదపలేదు.

రెండో చరణం మొదట్లో నా చెవిలో ఉన్న ఇయర్‌ఫోన్ తీసి ఆమె రెండో చెవికి పెట్టాను. ఇక నాకు ఆయన వినపడలేదు. అక్క పాడటం, ఆగటం, కళ్లు తుడుచుకోవటం, మళ్లీ పాడటం, అంతే కనిపించింది. పాట అయిపోయినట్టు నాకెలా తెలిసిందంటే, ఆమె ఉన్నట్టుండి "గడ్డమేంటండీ అలా పెంచారు, దేవుడా" అంది. అవతల ఆయన ఏదో అన్నాడు. ఈమె నవ్వింది. ఇంకేదో అన్నాడు, అంటూనే ఉన్నాడు. తెర మీద ఆయన పెదవులు ఆగడం లేదు. ఎనిమిది మంది వింటున్నామన్న సంగతి ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు.

ఇంకా వాక్యం చదవాల్సి ఉంది. జ్ఞానరాజన్న పుస్తకం మూసేశాడు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, మిగతా అందరికీ చేత్తో సైగ చేశాడు, వెళ్లిపోండని. ఒక్కొక్కళ్లే వెళ్లిపోయారు, అంటే తెర మీది గళ్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. కూడికంటే ఒకచోట కూర్చోవడమన్న ఆ పెద్దమనిషి, ఆశీర్వాదం కూడా చెప్పకుండా, ఆ ఇద్దర్నీ వాళ్ల మానాన వదిలేశాడు.

కాసేపటికి ఆ లైను తెగింది. అక్క ఫోన్ చేతిలో పట్టుకుని బిక్కమొహం వేసింది. ఊరికి ఫోన్ చేసేది నాలుగేళ్లూ ఆమే, ఒక్కసారి కూడా అటునుంచి రాలేదు. మళ్లీ నేనే చెయ్యనా అన్నట్టు నా వైపు చూస్తుండగా ఫోన్ మోగింది. ఆయనే. ఆ మధ్యాహ్నం దాకా ఇంకో రెండుసార్లు తెగింది. రెండుసార్లూ ఆయనే చేశాడు.